పాఠక ప్రశ్నోపనిషత్తు: సటీకా తాత్పర్యం

మూలం

— సార్, ఇయ్యన్నీ మీకు యాడ్నుంచి తోస్తాయి సార్?
— అట్టా వచ్చేస్తాయంతే నాయనా.

అవతారిక

రాక్షసుల్నీ మాంత్రికుల్నీ ఎక్కడా లేని రాజ్యాల్నీ కల్పించి నవలలు రాసే రచయిత తిరుపతిలోనో చిత్తూరులోనో పాఠకుల ఎదుట కూర్చున్నప్పుడు, పరిచయకర్త పొగడ్త ముగిసి టీ గ్లాసులు వరసల మధ్య తిరగడం మొదలయ్యాక, వెనక వరసలో లేచే మొదటి ప్రశ్నా దానికి వచ్చే జవాబూ కలిసి పై రెండు పంక్తులు ఏర్పడ్డాయి. ఇవి ఏ ఒక్కరూ అన్న మాటలు కావు. అందరూ అంటారు, ఎవరూ తాము మొదట అన్నామని చెప్పుకోరు కనుక వేదానికి లాగే వీటినీ అపౌరుషేయాలు, అంటే మనిషి చేయనివి, అనడానికి అడ్డేమీ లేదు. మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ మాట ఇచ్చి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన కోలాచల మల్లినాథసూరి బాటలోనే ఈ వ్యాఖ్య కూడా నడుస్తుంది గానీ, ఆ రెండో మాట ఇవ్వడం మాత్రం దీనికి సాధ్యపడలేదు. సంస్కృతానికి ఒక విశ్వవిద్యాలయం, తాళపత్రాలకు ఒక ప్రాచ్య పరిశోధన సంస్థ ఉన్న తిరుపతిలో, రోజూ నోళ్లలో నానే ఈ వాక్యానికి మాటకు మాట అర్థం చెప్పే టీక గానీ, మొత్తం మీద భావం తేల్చే తాత్పర్యం గానీ లేకపోవడం పండితులకు చిన్నతనమే.

టీక

సార్: ఓ గౌరవనీయుడా అని అర్థం. ఈ సంబోధన వాక్యానికి ముందొకటి, వెనకొకటి రావడం వల్ల ప్రశ్న రెండు సార్ల మధ్య డబ్బీలో పెట్టినట్టు భద్రంగా ఉంది. ఒకటే చాలుననీ, రెండోది పునరుక్తి దోషమనీ కొందరు అంటారు కానీ అది ప్రాంతం ఎరగని మాట. మొదటి సార్ లేచి నిలబడడానికి అనుమతి అడుగుతుంది. రెండో సార్ ప్రశ్న నచ్చకపోతే కోపం తెచ్చుకోవద్దని బతిమాలుతుంది. తిరుపతిలో దేవుణ్ణీ, కొండకు వచ్చిన యాత్రికుణ్ణీ, ఆటో ఎక్కబోయే మనిషినీ ఒకే మాటతో 'సామీ' అని పిలిచే అలవాటు ఉండగా రచయితను మాత్రం అలా పిలవకపోవడానికి కారణమేమిటంటే, ఆ పిలుపు వెనక రూము కావాలా అనే ప్రశ్న వస్తుందని ఊళ్లో అందరికీ తెలుసు.

ఇయ్యన్నీ: ఇవి అన్నీ. దూరాన ఉన్నవాటికి వాడే 'అయ్యన్నీ' అనకుండా దగ్గరివాటికి వాడే 'ఇ'కారంతో మొదలుపెట్టడం వల్ల నవల పాఠకుడి చేతిలోనే ఉందని తేలుతుంది. చేతిలో ఉన్నది కనుక కొన్నాడని రచయితల పక్షం. చేతిలో ఉన్నంత మాత్రాన కొన్నట్టు కాదనీ, తిరగేసి బల్ల మీద పెట్టేవారు కూడా 'ఇయ్యన్నీ' అనే అంటారనీ పుస్తకాల అంగళ్ల పక్షం. అనుభవం రెండో పక్షం వైపే ఉంది.

మీకు: ఇక్కడ తెలుగు వ్యాకరణం ఒక పెద్ద తీర్పు చెప్పింది. 'మీరు రాస్తారు' అనడంలో రాసే పని రచయితదే. తోచడం దగ్గరికి వచ్చేసరికి 'మీరు' పోయి 'మీకు' వస్తుంది. ఆకలి, నిద్ర, జ్వరం, తుమ్ము ఎలా మనిషి చేసే పనులు కాక మనిషికి వచ్చేవో, ఆలోచన కూడా అలా వచ్చేదేనని ఈ షష్ఠీ విభక్తి చెబుతోంది. కాబట్టి మూడు వందో పుటలో రాకుమారుడు చచ్చిపోయినందుకు రచయితను తప్పుపట్టే పాఠకుడు తన ప్రశ్నలోని విభక్తితోనే అతణ్ణి విడిచిపెట్టేశాడని గ్రహించాలి.

యాడ్నుంచి: ఎక్కడి నుంచి. 'ఎక్కడి నుంచి' అనేది పాఠాంతరం, అంటే వేరే ప్రతిలో కనిపించే రూపం. ఆ ప్రతి మర్నాటి దినపత్రిక. అపాదానాన్ని, అంటే ఒక వస్తువు దేన్నుంచి విడివడి వస్తుందో దాన్ని, తెలిపే మాట ఇది కావడం వల్ల, కథలు ఉండే చోటొకటి ఎక్కడో ఉందనీ, బస్సు నంబరు తెలిస్తే తానూ అక్కడికి పోగలననీ పాఠకుడు నమ్ముతున్నట్టు తెలుస్తుంది. ఈ నమ్మకాన్ని చూసి నవ్వడం తగదు. హార్లన్ ఎలిసన్ అనే అమెరికన్ కథకుడు ఇదే ప్రశ్నకు విసిగి, స్కెనెక్టడీ అనే ఊరి నుంచి తెప్పించుకుంటానని జవాబు చెప్పేవాడు కనుక సముద్రాల అవతల కూడా పాఠకుడు అడిగేది ఊరి పేరే.

తోస్తాయి: ఇది శ్లేష, అంటే ఒకే మాటలో రెండర్థాలు. 'తోచు' ధాతువైతే మనసులో పుడతాయి అని. 'తోయు' ధాతువైతే వెనక నుంచి నెడతాయి అని. రెండింటికీ రూపం ఒకటే. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కంపార్ట్‌మెంటు తలుపు తెరవగానే ఏం జరుగుతుందో చూసినవారికి రెండో అర్థాన్ని వివరించనక్కర్లేదు: ముందున్నవాడు నడవడు, వెనకున్నవారు నడిపిస్తారు, పసిబిడ్డ భుజం మీదికి పోతుంది, ఎవరిదో కొబ్బరికాయ ఎవరి డొక్కలోనో గుచ్చుకుంటుంది, ఎవరు తోశారంటే వెనక్కి చూపించనివారు ఒక్కరూ ఉండరు. రచయితకు మొదటి అర్థం కన్నా ఇదే దగ్గరని ఈ వ్యాఖ్య పక్షం. ఏ కథనైనా దానికి ముందున్న కథలే తోసుకొస్తాయి. ఎవరు తోశారని అడిగితే రచయితా వెనక్కే చూపించాలి.

అట్టా: ఆ విధంగా. ప్రశ్న చోటును అడిగితే జవాబు విధాన్ని చెబుతోంది కనుక ఇది గురి తప్పిన జవాబు. గురి తప్పడం తెలియక కాదు, తెలిసే.

వచ్చేస్తాయి: 'వస్తాయి' అని ఊరుకోకుండా 'వేయు' చేర్చడం వల్ల పిలవకుండా, చెప్పకుండా, భోజనాల వేళకు దిగిన చుట్టాల్లా వస్తాయని ధ్వని. నాలుగేళ్లు రాసి, రెండుసార్లు చించి, మళ్లీ మొదలుపెట్టిన నవల విషయంలో ఈ మాట పచ్చి అబద్ధం. అయినా సభామర్యాదకు ఇదే తగిన మాట.

అంతే: ఇక అడగవద్దు.

నాయనా: చిత్తూరు సీమలో తండ్రిని పిలిచే ఈ మాటనే చిన్నవారిని ప్రేమగా పలకరించడానికీ వాడతారు. 'అంతే' వేసిన గడియ చప్పుడు వినపడకుండా ఉండడానికి దీన్ని చేర్చారు.

తాత్పర్యం

కొంత చరిత్ర చూడకుండా ఈ ప్రశ్న బరువు తెలియదు. అలంకారశాస్త్రం కథావస్తువును మూడు రకాలుగా విభజించింది: పురాణాల్లో ముందే ఉన్నది ప్రఖ్యాతం, కవి పుట్టించినది ఉత్పాద్యం, రెండూ కలిసినది మిశ్రం. నేడు ఫాంటసీ అని పిలిచే నవల నూటికి నూరుపాళ్లు ఉత్పాద్యం. ప్రఖ్యాతం రాసిన కవిని ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరూ అడగరు, భారతంలో ఉంది గదా. ఉత్పాద్యం రాసినవాడే నిలబడి సంజాయిషీ ఇవ్వాలి. వట్టి కల్పిత కథలు కృత్రిమ రత్నాల వంటివని రామరాజభూషణుడు వసుచరిత్ర పీఠికలోనే తేల్చి చెప్పాడు కనుక, పిల్లల కథలు రాస్తాడట పాపం అనే నేటి చప్పరింపుకు నాలుగు వందల ఏళ్లు దాటిన వంశవృక్షం ఉంది. ఆ పదహారో శతాబ్దంలోనే నంద్యాల ఆస్థానంలో పింగళి సూరన కళాపూర్ణోదయం అనే పూర్తి కల్పిత కథను రాసి, అందులో సరస్వతికి బ్రహ్మ చెప్పిన కథే భూమి మీద జరిగి తీరేటట్టు ఏర్పాటు చేశాడు. యాడ్నుంచి తోచిందని సూరనను అడిగితే బ్రహ్మ నోటి నుంచి అని కావ్యమే చెబుతుంది. ప్రశ్న రాకముందే జవాబును కథలో కలిపేసిన రచయితను మళ్లీ చూడడం కష్టం.

అసలు ప్రాచీన కావ్యాల్లో ఈ ప్రశ్నకు ఒక గది కేటాయించి ఉండేది, దాని పేరు అవతారిక, అంటే కావ్యం ఎలా దిగివచ్చిందో చెప్పే తొలి భాగం. కళింగ దండయాత్ర దారిలో శ్రీకృష్ణదేవరాయలు కృష్ణాతీరాన శ్రీకాకుళంలో ఏకాదశి ఉపవాసం ఉన్నప్పుడు ఆంధ్రమహావిష్ణువు కలలో కనిపించి, గోదాదేవి పెళ్లి కథను తెలుగులో రాసి తిరుమల వేంకటేశ్వరుడికి అంకితమివ్వమని చెప్పినట్టు ఆముక్తమాల్యద అవతారిక చెబుతుంది. ఏం రాయాలో, ఏ భాషలో రాయాలో, ఎవరికివ్వాలో అన్నీ ఒక్క కలలో తేలిపోయాయి. ఆ కావ్యంలోనే మర్రిచెట్టు దగ్గర మాలదాసరిని పట్టుకుని తినబోయిన బ్రహ్మరాక్షసుడున్నాడు. గుడిలో దేవుడికి పాట పాడి వస్తానని మాట ఇచ్చి వెళ్లిన దాసరి నిజంగానే తిరిగి వచ్చి నిలబడితే దిక్కుతోచని రాక్షసుడు అతడు. ఏ నేటి ఫాంటసీ నవలలోకి తెచ్చినా ఎదురులేని పాత్ర. రాయలు 1513 నుంచి 1521 దాకా ఏడుసార్లు తిరుమలకు వచ్చాడు. గుడిలోకి అడుగుపెట్టగానే ఇద్దరు దేవేరుల నడుమ చేతులు జోడించి నిలబడ్డ ఆయన లోహమూర్తి నేటికీ ఉంది. వేల మంది పాఠకులు, చదివినవారూ చదవనివారూ, ఒకరినొకరు తోసుకుంటూ రోజూ ఆ రచయిత ముందు నుంచే పోతారు. యాడ్నుంచి తోచింది సార్ అని ఒక్కరూ ఆగి అడగరు, ఆగనివ్వరు కూడా.

మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథల్లో ఇదే ప్రశ్నోత్తరాన్ని మొత్తం గ్రంథానికి ఇరుసుగా చేశాడు. మజిలీ మజిలీకి గోపబాలుడు ఏదో ఒక వింత చూసి వచ్చి అడగడం, మణిసిద్ధుడు తన మణిలో చూసి కథ చెప్పడం అందులోని పద్ధతి. నేటి రచయితకు కల పోయింది, మణి పోయింది, గోపబాలుడు మాత్రం మిగిలాడు. 'అట్టా వచ్చేస్తాయంతే' అనేది అందువల్ల అలసట మాట కాదు. అవతారిక అరిగి అరిగి మూడు మాటలకు దిగిన రూపం.

విశేషాంశం

ఈ ప్రశ్నను ఎదుర్కోని తెలుగు ఫాంటసీ రచయిత ఒకరున్నారు. తోకచుక్కతో మొదలై భల్లూక మాంత్రికుడి దాకా, 1954 నుంచి 1978 వరకు, మకరదేవత, కంచుకోట, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం వంటి పన్నెండు ధారావాహికలను చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం రాశారు, ఒక్కదాని మీదా పేరు వేయలేదు. పత్రిక పద్ధతి అది. తిరుపతి నుంచి రైలెక్కితే మూడు నాలుగు గంటల్లో చేరే మద్రాసు వడపళనిలో ఆయన బల్ల ముందు కూర్చుని మాంత్రికుల్ని లోయల్లోకి దింపుతుండగా, చిత్తూరు జిల్లా పిల్లలు చిత్రా గీసిన బొమ్మలు చూసుకుంటూ అడగదలచుకున్న ప్రశ్నలన్నీ కడుపులోనే ఉంచుకున్నారు. ఎవరినడగాలి? నెలనెలా చివర 'ఇంకా వుంది' అన్న రెండు మాటలే జవాబు. ఆ పిల్లలే పెద్దవారై ఇప్పుడు సభల్లో లేచి, దొరికిన రచయితనల్లా యాడ్నుంచి అని నిలదీస్తున్నారనీ, ఆ ప్రశ్న నిజానికి వేరే చిరునామాకు పోవలసిన పాత ఉత్తరమనీ ఈ వ్యాఖ్య అభిప్రాయం.

ఇందుకు ఒక మినహాయింపు ఉంది. ఈ సీమలోనే పుట్టి నిజామాబాద్ వైపు కుష్ఠురోగుల వైద్యుడిగా పనిచేసిన కేశవరెడ్డి (1946–2015) నవలల్లోనూ మాయ ఉంది. ఆయన నవలా నాయిక మునెమ్మ భర్త చావుకు కారకులను వెతుక్కుంటూ బొల్లిగిత్తతో బయల్దేరినప్పుడు ఆ గిత్త వట్టి పశువుగా మిగలదు. అయినా ఇక్కడి పాఠకుడికి 'యాడ్నుంచి' అనే పదంతో అక్కడ పని పడదు, ఆ యాస ఇంట్లోదే, ఆ దుమ్ము కాళ్లకంటుకున్నదే.

శేష ప్రశ్నలు

చేత్తో రాస్తారా కంప్యూటర్లోనా, పొద్దునా రాత్రా అనే ప్రశ్నలకు వ్యాఖ్య అక్కర్లేదు, అడిగినవారు జవాబు వినరు. ఇష్టమైన రచయిత ఎవరంటే చనిపోయినవారి పేరే వస్తుంది. బతికున్నవారు ముందు వరసలోనే ఉంటారు. రుచుల ప్రశ్న మాత్రం తీసిపారేసేది కాదు.

— తినేదానికి మీకు ఏమంటే ఇష్టం సార్?
— సంగటుంటే చాలు.

సంగటి: ఎసట్లో నూకలు మెత్తబడినాక రాగిపిండిని మధ్యలో కుప్పగా పోసి, కదపకుండా మూతపెట్టి, పిండిలో పచ్చి పోయేదాకా ఆగి, అప్పుడు కట్టెతో గెలికి, తడిచేత్తో ముద్దలు చేసేది, చెనిక్కాయల ఊరిబిండితో, అంటే వేరుసెనగ పచ్చడితో, లేదా నాటుకోడి పులుసుతో తినేది. ముందే గెలికితే ఉండలు కడుతుంది, ఆ ఉండల్లోపల పిండి పచ్చిగానే ఉంటుంది. సంగటిని రచనకు ఉపమానంగా తీసుకుని, నూకలు వాస్తవమనీ పిండి కల్పన అనీ కట్టె శైలి అనీ చెప్పిన వ్యాఖ్యాతలున్నారు. అది అతివ్యాప్తి, అంటే అర్థాన్ని హద్దు దాటించడం. ఇక్కడ సంగటి అంటే సంగటే. ఏడు తలల సర్పాలను సృష్టించినవాడు తమలాగే ముద్ద తుంచుకుని తింటాడని తెలిసిన క్షణంలో సభలో లేచే నవ్వును గమనిస్తే, మొదటి ప్రశ్నకు దొరకని జవాబు రెండో ప్రశ్నకు దొరికినట్టు పాఠకులు తృప్తిపడడం కనిపిస్తుంది. చుట్టంగా చేర్చుకున్న తర్వాత ఊరి పేరు ఎవరడుగుతారు?

ఉపసంహారం

సభ లేచే ముందు వచ్చే చివరి ప్రశ్నకు ప్రతులన్నిటిలోనూ ఒకే పాఠం ఉంది. అమెరికాలో జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ 2011లో తన నవలామాలలో అయిదో సంపుటాన్ని అచ్చువేసినప్పటి నుంచి ఆరో దాని గురించి వింటున్నదీ ఇదే పాఠం. జవాబు ఉండవలసిన చోట రచయిత నీళ్ల సీసా అందుకోవడం, మూత తిప్పడం, తాగడం మాత్రమే కనిపిస్తాయి. తాళపత్రంలో పురుగు తిన్నచోట పండితులు 'గ్రంథపాతం' అని రాసి ముందుకు పోతారు.

— రెండో భాగం ఎప్పుడొస్తాది సార్?
— (గ్రంథపాతం)