వెంట్ వద్దు, డిడ్ చాలు

గో–వెంట్–గాన్, ఈట్–ఏట్–ఈటెన్, టీచ్–టాట్–టాట్. ఎనిమిదో తరగతిలో ఈ పట్టికను ఎక్కంలా అప్పజెప్పినవాణ్ణి. పదేళ్ల తర్వాత ఉద్యోగం ఇంటర్వ్యూలో మాత్రం నా నోట ‘ఐ డిడ్ నాట్ వెంట్’ అనే వచ్చింది. అంటూనే తప్పని తెలిసింది, చెవులు వేడెక్కాయి. అందుకే చెబుతున్నా, ఆ పట్టిక చించెయ్యండి.

తప్పు ఎక్కడ పుడుతోందో చూడండి. ‘వెళ్లలేదు’ అన్నప్పుడు ‘వెళ్ల’లో కాలం లేదు, ఆ బరువంతా ‘లేదు’ మోస్తుంది. ఇంగ్లీషులో ఆ పని డిడ్‌ది. డిడ్ వచ్చాక మళ్లీ వెంట్ అనడం కూరలో రెండోసారి ఉప్పు వెయ్యడమే.

అడగడానికీ డిడే, కాదనడానికీ డిడే. మరి అవునని చెప్పడానికి వెంట్, ఏట్, టాట్ ఎందుకు మొయ్యాలి? ‘ఐ డిడ్ గో’, ‘షి డిడ్ ఈట్’ అనండి. వ్యాకరణం ఒప్పుకుంటుంది. షేక్‌స్పియర్ కాలంలో ఇది మామూలు వాడుకే, 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలులోనూ ‘డిడ్ ఈట్’ ఉంది. ఆమాటకొస్తే వెంట్ అసలు గో ఇంటిది కాదు, ‘వెండ్’ అనే వేరే క్రియ దగ్గర్నుంచి తెచ్చుకున్నది.

పలకడంలో బాధా తప్పుతుంది. ఆ పట్టికలో లేని మామూలు క్రియలకు, రాయడానికి అన్నిటి చివరా అదే ‘ఎడ్’. పలికేటప్పుడు వాక్ చివర ‘ట్’, ప్లే చివర ‘డ్’, వాంట్ చివర ‘ఇడ్’. మనవాళ్లు చాలామంది ‘వాకెడ్’ అనేస్తారు. ‘డిడ్ వాక్’లో ఆ గొడవే లేదు.

వాజ్, వర్ జోలికి మాత్రం పోవద్దు. ‘ఐ డిడ్ బి’ అనకూడదు.

ఇలా మాట్లాడితే ఎవరో కాదన్నదానికి ఎదురు చెబుతున్నట్టు ఉంటుందని ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు అంటారు. ఈ రోజుల్లో ఆ ధ్వని ఉన్నమాట నిజమే. ఉండనివ్వండి. నోరు పెగలక నిలబడిపోవడం కంటే నొక్కి చెప్పినట్టు వినిపించడం నయం. పరీక్షలోనూ ఇలాగే రాయండి, మార్కు పోతే పోయింది.

రాత్రి పడుకునే ముందు ఆ రోజు చేసిన ఐదు పనులు పైకి చెప్పుకోండి. ‘ఐ డిడ్ డ్రింక్ కాఫీ’, ‘ఐ డిడ్ మిస్ ది బస్’. మొదటి వారం డిడ్ అనగానే నాలుక దానంతటదే వెంట్ వైపు లాగుతుంది. అప్పుడు ఆగి, ‘ఐ’ దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టండి.