గడువుకు ముందే గడప దాటే విధానం

చెమ్మ ఇల్లు ఖాళీ చేయాలంటే ముందుగా అందులో చేరాలి. అందుకు ఏప్రిల్ నెల శ్రేష్ఠం. హైదరాబాదులో అప్పుడు ఎండ 40 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది, ఎంతటి గోడైనా పొడిగా కనిపిస్తుంది. పాత అద్దెదారు వెళ్ళీవెళ్ళగానే ఓనరు గారు లప్పం పెట్టించి, పైన లేత రంగు కొట్టించి ఉంటారు. ఆ కొత్త రంగు వాసన కింద ఇంకే వాసన ఉందో ఆరా తీయడం మర్యాద కాదు. టూలెట్ బోర్డు చూసి వచ్చిన మనిషి కుళాయి తిప్పి చూడాలి, మంజీరా నీళ్ళా బోరు నీళ్ళా అని అడగాలి, బండి ఎక్కడ పెట్టుకోవాలో తెలుసుకోవాలి, అడ్వాన్సు ఇచ్చి పాలు పొంగించుకోవాలి. బాత్రూము వెనక గోడ మీద అరచెయ్యి ఆనించి చూసేవాళ్ళంటే ఓనర్లకు గిట్టదు.

జూన్‌లో వానలు మొదలవుతాయి. అసలు ఇల్లు అప్పుడు కనిపిస్తుంది.

ముందు గచ్చుకు జానెడు ఎత్తున రంగు బుడగలు లేస్తుంది. తర్వాత లప్పం పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. దాని వెనక తెల్లగా ఉప్పు పూస్తుంది. బీరువా వెనక నల్లటి బూజు, బీరువా లోపల పట్టుచీరలకు ముక్కవాసన, మూల పడేసిన తోలు చెప్పుల మీద ఆకుపచ్చ నూగు. ఈ దశలో అద్దెదారు ఓనరుకు ఫోన్ చేసి నోటిమాటగా చెప్పాలి. ఫొటో తీసి, తేదీతో సహా వాట్సాప్‌లో పెట్టడం చాలా మొరటు పద్ధతి, ఎందుకంటే అది సాక్ష్యంగా మిగిలిపోతుంది.

“అంకుల్, హాల్లో గోడ తడుస్తోంది” అనగానే అంకుల్ దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. ఇల్లు కొత్తదైతే “కొత్త గోడలమ్మా, తడి ఆరాలి కదా” అంటారు. పాతదైతే “పాత ఇల్లు బాబూ, ఆ మాత్రం ఉంటుంది” అంటారు. కొత్తా పాతా కాని ఇంటికి వేరే జవాబుంది: “మీకన్నా ముందున్నవాళ్ళు ఒక్కమాట అనలేదే!” ఆ ముందున్నవాళ్ళ నంబరు మాత్రం అడగకూడదు.

నాలుగోసారి ఫోన్ చేశాక నేరం అద్దెదారు మీదికే వస్తుంది. బట్టలు లోపల ఆరేస్తున్నారట, కిటికీలు తీయరట, వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను వేయరట. ఇందులో కొంత నిజం ఉండడమే చిక్కు. తడిబట్టల ఆవిరి చల్లటి గోడకు తగిలి నీరవుతుంది, అక్కడ బూజు పడుతుంది. అయితే గోడ లోపలి నుంచి వచ్చే తడి వేరు. పునాది మీద చెమ్మను ఆపే పొర వేయకపోయినా, వేసింది పాడైపోయినా నేలలోని నీరు ఇటుకల సన్నటి రంధ్రాల గుండా పైకి పాకుతుంది. మామూలుగా మీటరు ఎత్తు దాకా ఎక్కి, మట్టిలోని లవణాలను గోడ మీద వదిలిపోతుంది. నెలల తరబడి గదిలో లుంగీలు ఆరేసినా గోడకు ఉప్పు పూయదు.

రెండింటికీ తేడా తెలుసుకునే దారి చాలా తేలిక. చపాతీలు చుట్టే అల్యూమినియం ఫాయిల్ ముక్కను గోడకు నాలుగు వైపులా టేపు వేసి బిగించి, ఒకటి రెండు రోజులు వదిలేయాలి. గదివైపు నీటిచుక్కలు కనిపిస్తే తప్పు ఇంట్లో ఆవిరిది. ఫాయిల్ వెనక, గోడవైపు తడి ఉంటే తప్పు గోడది. వివేకం గల అద్దెదారు ఈ పరీక్ష జోలికి పోడు. ఫలితం తేలితే వాదన ఆగిపోతుంది, వాదన ఆగిపోతే ఎవరో ఒకరు డబ్బు తీయాల్సి వస్తుంది.

అపార్టుమెంటులో చెమ్మ పైనుంచి కూడా దిగుతుంది. స్లాబు కింద గుండ్రటి మరక కనిపించిందంటే, పై ఫ్లాటు బాత్రూములో నీళ్ళు పోయే నహానీ ట్రాప్ చుట్టూ సిమెంటు విడిచిందేమో అని ప్లంబరు అనుమానిస్తాడు. ఆ సంగతి తెలియడంతో అద్దెదారు కష్టం రెట్టింపవుతుంది. పైవాళ్ళు టైల్స్ పగలగొట్టనివ్వరు. వాళ్ళూ అద్దెకున్నవాళ్ళే, వాళ్ళ ఓనరు డాలస్‌లో ఉంటాడు, ఆయన లేచేసరికి ఇక్కడ వీళ్ళు పడుకుంటారు. అసోసియేషన్‌ను అడిగితే అది రెండు ఫ్లాట్ల మధ్య వ్యవహారం అంటుంది. కింద బకెట్టు పెట్టుకునే బాధ్యతను మాత్రం అద్దెదారుకు అందరూ ఏకగ్రీవంగా అప్పగిస్తారు.

ఇక వెళ్ళిపోదామన్న నిర్ణయానికి వచ్చాక పంచాంగం తీయాలి. ఆషాఢం శూన్యమాసం, అప్పుడు ఇల్లు మారకూడదు. శ్రావణం మంచిదే గానీ, ఊళ్ళో అందరూ అప్పుడే మారతారు కనుక సామాను మోసే బండి దొరకదు. తర్వాత భాద్రపదం, మళ్ళీ శూన్యం. దసరా దాటాక వానలు తగ్గుముఖం పడతాయి, గోడ ఆరడం మొదలవుతుంది, సంక్రాంతి నాటికి ఇంట్లోవాళ్ళు కోపం మరిచిపోతారు. పుష్యంలో ఎలాగూ కదలరు. ఓనర్లకు పంచాంగం చేసినంత మేలు ఏ చట్టమూ చేయలేదు.

చట్టం అన్నాం గనుక, ఇప్పుడు అద్దె పత్రం బయటికి తీయాలి. చాలామంది దాన్ని చదవడం అదే మొదటిసారి. అందులో గడువు 11 నెలలని ఉంటుంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోని 17వ సెక్షన్ కేంద్ర పాఠం ప్రకారం ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించాలి. ఆ ఖర్చు తప్పించుకోవడానికే దేశమంతటా అద్దె సంవత్సరానికి పదకొండు నెలలు. నోటీసు నెలా రెండు నెలలా అన్నది కూడా పత్రంలోనే రాసి ఉంటుంది, “లాకిన్” అని, అంటే ఇన్ని నెలల దాకా ఖాళీ చేయకూడదని, ఒక మాట కూడా ఉండవచ్చు. ఏమీ రాసుకోకుండా నెలనెలా సాగిపోయే అద్దెకైతే ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసు చాలు.

1882లో వచ్చిన ఆ చట్టమే ఇప్పటికీ దిక్కు. దానిలో 108వ సెక్షన్ అద్దెదారు మీద దయ తలచి, కొన్ని సందర్భాల్లో లీజును రద్దు చేసుకునే వీలు ఇచ్చింది. అగ్ని, తుఫాను, వరద, సైన్యం లేదా అల్లరిమూక దౌర్జన్యం, ఎదిరించలేని మరే శక్తి అయినా సరే. పై ఫ్లాటు నహానీ ట్రాప్ ఆ జాబితాలో లేదు. వరద వచ్చినా సరిపోదు, ఇంట్లో ముఖ్యభాగం పూర్తిగా నాశనమైనా కావాలి, గణనీయంగా, శాశ్వతంగా పనికిరాకుండా అయినా పోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్ళలో ఉంది. నీళ్ళు దిగాక ఆ గోడలు ఎంతకాలం తడిగా ఉంటే “శాశ్వతం” అనిపించుకుంటాయో సెక్షన్ చెప్పదు. ఒప్పందం నెరవేరే దారి మూసుకుపోయింది కనుక చెల్లదు పొమ్మనే వాదనా ఇక్కడ పనికిరాదు. కాంట్రాక్టు చట్టం 56వ సెక్షన్ లీజులకు వర్తించదని సుప్రీంకోర్టు 1968లోనే చెప్పింది. 2014లో అదే కోర్టు, భవనం కూలిపోయినంత మాత్రాన అద్దె హక్కు పోదని తీర్పిచ్చింది. చెమ్మకు భయపడి పారిపోయేవారికి ఇది కాస్త సిగ్గు కలిగించాల్సిన విషయం.

108వ సెక్షన్లోనే ఇంకో రెండు వాక్యాలున్నాయి, వాటిని చదవకుండా దాటేయడం ఆరోగ్యకరం. ఓనరుకు తెలిసి, మామూలు జాగ్రత్తతో చూసినా అద్దెదారుకు కనిపించని పెద్ద లోపం ఇంట్లో ఉంటే, దాన్ని ముందే చెప్పాల్సిన బాధ్యత ఓనరుదని మొదటిది. ఓనరు తాను చేయించాల్సిన మరమ్మతును, నోటీసు అందాక కూడా సబబైన సమయంలో చేయించకపోతే, అద్దెదారే చేయించి ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చని రెండోది. ఈ రెండూ తెలిసిన మనిషితో ఏ అంకులూ ప్రేమగా మాట్లాడలేరు.

తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కూడా ఉంది. నగరపాలక సంస్థల పరిధిలో అది నెలకు 3,500 రూపాయల అద్దె దాకానే వర్తిస్తుంది. ఆ డబ్బుకు ఇవాళ హైదరాబాదులో హాస్టల్లో మంచం దొరకడమే గగనం కాబట్టి ఆ చట్టాన్ని సగౌరవంగా అలమారలో పెట్టవచ్చు, చెమ్మ లేని అలమారైతే. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. అది చదివితే కళ్ళు చెమర్చుతాయి. నివాసాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదు. గోడల సున్నం, తలుపుల రంగు, పైపులు మార్చడం, కట్టడానికి సంబంధించిన మరమ్మతులు ఓనరు పని. కుళాయి వాషరు, స్విచ్చులు, కాలువ శుభ్రం చేయడం అద్దెదారు పని. మరమ్మతు లేక ఇల్లు నివాసయోగ్యం కాకుండా పోయి, రాతపూర్వకంగా అడిగినా ఓనరు కాదంటే, 15 రోజుల నోటీసుతో వదిలి వెళ్ళవచ్చు. ఇంత చక్కగా రాసి, అమలు మాత్రం రాష్ట్రాల ఇష్టానికి వదిలేశారు.

ఓనరుకు కారణం చెప్పడం ఒక కళ. చెమ్మ అని నిజం చెబితే ఆయన ఇంటిని అవమానించినట్టు. ఉద్యోగం బదిలీ అయిందనో, ఊళ్ళో అమ్మకు ఒంట్లో బాగాలేదనో, సొంత ఫ్లాటు తాళాలు చేతికొచ్చాయనో చెప్పాలి. వాస్తును వాడుకోబోయి బోల్తా పడినవాళ్ళు ఉన్నారు. తడిసింది ఈశాన్యం గోడైతే, ఈశాన్యంలో నీరు శుభమని ఓనరే గుర్తుచేస్తారు.

తర్వాతిది అడ్వాన్సు. నోటీసు ఇచ్చి, చివరి రెండు నెలలూ “అడ్వాన్సులో కోసుకోండి” అనడం అద్దెదారుల పాత పద్ధతి. ఓనర్ల పాత పద్ధతి పెయింటింగ్ చార్జీలు, అంటే ఒక నెల అద్దె. ఏప్రిల్లో ఏ గోడకు లప్పం పెట్టించి చెమ్మ దాచారో, ఆ గోడకే మళ్ళీ లప్పం పెట్టించడానికి ఆ చెమ్మను పీల్చినవాడు డబ్బు కట్టాలి. సహజంగా జరిగే అరుగుదలకు అద్దెదారు బాధ్యుడు కాడని 108వ సెక్షన్ అంటుంది. ముందే వెళ్ళిపోయినందుకు జరిమానా ఎంత రాసుకున్నా, ఆ అంకె గరిష్ఠ పరిమితి మాత్రమేనని, దానికి లోబడి సబబైన పరిహారమే ఇప్పించవచ్చని కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ అంటుంది. ఈ సంగతులు గేటు దగ్గర, సామాను సగం బండిలోకి ఎక్కాక చెప్పి చూడాలి. అడ్వాన్సు ఎవరి చేతిలో ఉందో వాదన వాళ్ళదే నెగ్గుతుంది.

రంగు వేస్తే సరిపోతుందన్న సలహా మన దగ్గరే పుట్టింది కాదు. ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో ఒక తండ్రి ఇంట్లో బూజు పడుతోందని చెబితే దాని మీద రంగు వేసుకోమన్నారు. ఆ ఇంట్లో పెరిగిన రెండేళ్ళ అవాబ్ ఇషాక్ 2020 డిసెంబరులో చనిపోయాడు. బూజును ఎక్కువకాలం పీల్చడం వల్ల వచ్చిన శ్వాసకోశ వ్యాధే కారణమని 2022 నవంబరులో విచారణాధికారి తేల్చారు. ఆ పిల్లవాడి పేరుతోనే అక్కడ చట్టం వచ్చింది, 2025 అక్టోబరు నుంచి ప్రభుత్వ, సామాజిక గృహాలకు అమలవుతోంది. చెమ్మకూ ఉబ్బసానికీ ఉన్న సంబంధాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే మార్గదర్శకాల్లో రాసింది. మన ఇళ్ళలో మాత్రం పిల్లవాడి దగ్గుకు ఐస్‌క్రీమునే తిడుతున్నారు.

ఓనర్లంతా దుర్మార్గులు కారు. రిటైరైన దంపతులకు పై వాటా అద్దే పింఛను. టెర్రస్‌కు వాటర్‌ప్రూఫింగ్ చేయించడమంటే వాళ్ళకు కొన్ని నెలల రాబడి. ఆ మాట అలాగే చెప్పి, గోడ చూపించి, అద్దె తగ్గించి ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. టూలెట్ బోర్డు మీద ఆ సంగతి రాసినవాళ్ళు మాత్రం ఇంకా కనబడలేదు.

ఆఖరి మెట్టు “మీ బదులు ఎవరినైనా చూపించి వెళ్ళండి”. అడ్వాన్సు అంతా వెనక్కి రావడానికి ఇదే దగ్గరి దారి. నిన్నటిదాకా గోడను తిట్టిన మనిషి ఇవాళ ఆ ఇంటికి ఏజెంటవుతాడు. అగరొత్తులు రెండు ఎక్కువ వెలిగిస్తాడు, ట్యూబులైటు ఆపి పసుపు బల్బు వేస్తాడు, మరక ఉన్నచోటికి బీరువా జరుపుతాడు, చంటిబిడ్డనెత్తుకుని వచ్చిన దంపతులకు ఇల్లు చాలా చల్లగా ఉంటుందని చెబుతాడు. అది అబద్ధం కూడా కాదు. లోపం ముందే చెప్పాల్సిన బాధ్యతను చట్టం ఓనరు మీదే పెట్టింది కనుక ఇతగాణ్ని అడిగేవాళ్ళూ లేరు. ఈ విధానం మొత్తంలో సిగ్గుపడాల్సిన మెట్టు ఇదొక్కటే, అందరూ సులువుగా ఎక్కేదీ ఇదే.

కాబట్టి చెమ్మ ఇల్లు ఖాళీ చేస్తున్న పాఠకులకు ఒక మనవి. చూడడానికి ఎవరైనా వస్తే బీరువా పక్కకు జరిపి గోడ చూపించండి. అయినా చేరతామంటే, అద్దె తగ్గించమని, మరమ్మతు ఎప్పటిలోగా చేయిస్తారో పత్రంలో రాయమని ఓనరును అడగమనండి.