బాయి టోపీ

బెర్లిన్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుకు దగ్గరికి తండ్రి మూడు నెలల వీసా మీద వచ్చాడు. పిల్లలకు సెలవులు. ఈసారి ఎక్కడికి వెళ్దామన్న మాట భోజనాల దగ్గర వచ్చింది. కోటలు చూసేశారు. జంతుశాలలు చూసేశారు. తిరిగే చక్రాలు, జారే బండ్లు అన్నీ ఎక్కేశారు. పన్నెండేళ్ల మనవరాలు, పదేళ్ల మనవడు ఒకటే పట్టు పట్టారు. తమ క్లాసులో ఎవరూ చూడనిది కావాలి.

కొడుకు వియెలిచ్కా పేరు చెప్పాడు. పోలండ్‌లో క్రాకోవ్ పక్కన ఉన్న ఉప్పు గని. 13వ శతాబ్దం నుంచి తవ్వారు. 1978లో యునెస్కో వేసిన మొదటి వారసత్వ జాబితాలోనే ఉంది. 1996లో అమ్మకానికి ఉప్పు తీయడం మానేశారు. లోపలి దారులన్నీ కలిపితే 240 కిలోమీటర్లు దాటుతాయి. జనానికి చూపించేది అందులో చిన్న ముక్క.

చూడటానికి రెండు మార్గాలు. ఒకటి అందరూ వెళ్లేది. దారంతా కలిపి 800 మెట్లు. 101 మీటర్ల లోతున సెయింట్ కింగా ప్రార్థనామందిరం, ఉప్పురాతిలో చెక్కిన బొమ్మలు, ఉప్పు పలుకులతో కట్టిన దీపాల గుత్తులు. రెండోది కార్మికుల మార్గం. అక్కడ అలంకారాలు లేవు. గని బట్టలు తొడిగి, హెల్మెట్ పెట్టి, దీపం ఇచ్చి చీకట్లో పని చేయిస్తారు. పదేళ్లు నిండిన పిల్లలనే రానిస్తారు.

పిల్లలిద్దరూ రెండోదే అన్నారు. మంచి ఎంపిక. చూసింది మరిచిపోయే వయసులో చేసింది గుర్తుంటుంది.

కొడుకు తండ్రి వైపు తిరిగాడు. "బాపూ, నువ్వు రాగలవా? భూమి లోపలికి."

"దిగుడెట్ల?"

"లిఫ్టు ఉంది."

"అయితే వస్త."

"మామయ్యకు ఊపిరి ఆడుతుందా?" అంది కోడలు. కొడుకు నీళ్ల గ్లాసు అందుకున్నాడు.

కార్మికుల మార్గం ఊరి నడుమ ఉన్న రేజిస్ షాఫ్టు దగ్గర మొదలవుతుంది. 14వ శతాబ్దంలో తవ్విన బావి అది. బట్టలు మార్చుకునే గదిలో అందరికీ పైనుంచి కిందిదాకా ఒకే కుట్టుగా ఉన్న గని దుస్తులు ఇచ్చారు. నడుముకు పెట్టె లాంటిది ఒకటి తగిలించారు. లోపల విషవాయువు వస్తే దాంతో శ్వాస తీసుకోవాలి. తర్వాత హెల్మెట్లు పంచారు.

తండ్రి తన హెల్మెట్ అందుకుని బోర్లించాడు. లోపలి పట్టీలు ఒక్కొక్కటీ లాగి చూశాడు. వేలి కణుపుతో పైన రెండుసార్లు కొట్టాడు. మనవడి తల మీద వదులుగా ఊగుతున్నదాన్ని తీసి, వెనక పట్టీ బిగించి, మళ్లీ పెట్టి, గడ్డం కింద తాడు సరిచేశాడు. తనది మాత్రం చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

"బాపూ, పెట్టుకో."

"పెట్టుకోవాల్నా?"

"తప్పదు. రూలు."

పెట్టుకున్నాడు.

లిఫ్టు దిగింది. అడుగున గైడు దీపాలు వెలిగించుకోమన్నాడు. ఉన్న వెలుతురంతా ఎవరి తల మీద వారిదే. జట్టులో ఒక స్పెయిన్ జంట, నలుగురు విద్యార్థులు, వీళ్లు అయిదుగురు. మనవరాలికి ఉప్పు గడ్డలు మోసే పని పడింది. మనవడికి మీథేన్ కొలిచే పరికరం దక్కింది.

ముసలాయన వెనకబడుతున్నాడు. నాలుగడుగులు వేస్తాడు, ఆగుతాడు, తలెత్తి పైకప్పు చూస్తాడు. దారి పక్క నిలబెట్టిన మొద్దుల మీద చెయ్యి వేస్తాడు. ఒకచోట చెవి ఆనించాడు.

"భయమైతుందా బాపూ?"

"లేదు."

ఒక మలుపు దగ్గర గైడు ఆగి పాతకాలం సంగతి చెప్పాడు. అప్పట్లో పరికరాలు లేవు. మీథేన్ పేరుకున్న చోటికి కొందరు తడిబట్టలు కట్టుకుని, పొడవాటి కర్ర చివర దివిటీ పట్టుకుని, నేల మీద పాకుతూ వెళ్లేవాళ్లు. మంట పైకెత్తి గ్యాసును కొంచెం కొంచెంగా కాల్చేసేవాళ్లు. ఎక్కువ పేరుకుని ఉంటే కాల్చినవాడు వెనక్కి వచ్చేవాడు కాదు. ఇప్పుడు ఆ పని నీది అని మనవడికి సైగ చేశాడు.

మనవడు పరికరాన్ని ఛాతీ దగ్గర పట్టుకుని అంకె కోసం చూస్తున్నాడు. తాత వెనకనుంచి వచ్చి వాడి ముంజేయి పట్టుకుని పైకి లేపాడు. పైకప్పుకు జానెడు దూరం దాకా లేపాడు.

"గ్యాసు కిందుండదు బిడ్డా. కప్పు కాడుంటది."

గైడుకు మాట అర్థం కాలేదు. చెయ్యి అర్థమైంది. కొడుకును అడిగాడు. "మీ నాన్నగారు గనిలో పనిచేశారా?"

కొడుకు ఒక్క క్షణం ఆగాడు. తర్వాత గొంతు పెంచి, అందరికీ వినపడేలా చెప్పాడు. "31 ఏళ్లు. బొగ్గు గని. భూమి లోపల."

గైడు చేతి తొడుగు తీసేసి ముసలాయన చెయ్యి పట్టుకున్నాడు. విద్యార్థులు చప్పట్లు కొట్టారు. కోడలు మామగారిని కొత్తగా చూసింది. ఆయనది సింగరేణి అని ఆమెకు తెలుసు. సింగరేణిలో ఏ పని అని పెళ్లిచూపుల్లో ఎవరూ అడగలేదు. పెళ్లయ్యాక ఎవరూ చెప్పలేదు.

ఏం పని చేసేవారని గైడు అడిగాడు. తర్జుమా అక్కర్లేకుండా ముసలాయనే చెప్పాడు. "టింబర్‌మన్."

గైడు మొహం వెలిగింది. పక్కనున్న మొద్దును చరిచి చూపించాడు. ఉప్పు పట్టిన కలప పుచ్చదని, తరాలు గడిచినా అలాగే నిలబడుతుందని చెప్పాడు. కొడుకు అది తెలుగులో చెప్పాడు. ముసలాయన మొద్దును గోటితో గీకి, వేలు నాలుక మీద పెట్టుకుని, తలూపాడు.

"మాకాడ ఇట్ల ఆగదు. చెమ్మకు పుచ్చిపోతది. మాటిమాటికి మార్చుకుంట పోవాలె. అయినా కట్టెనే మంచిది. ఇనుము చెప్పకుండ వంగుతది. కట్టె చెప్తది."

"ఏం చెప్తుంది తాతా?" అంది మనవరాలు.

"కప్పు బరువు మీద పడంగనే కిర్రుమంటది. మొదట సన్నంగ, పక్కల పిల్లి గోకినట్టు. ఆ సప్పుడుకు తట్ట ఇడిసిపెట్టాలె, చెమ్మాస్ ఇడిసిపెట్టాలె, ఉరకాలె. ఇంకోపాలి కిర్రుమన్నదంటే ఉరికే టైముండదు."

"నువ్వు ఉరికావా?"

"ఉరికిన."

"అందరూ ఉరికారా?"

ముసలాయన మొద్దు మీద ఉన్న చెయ్యి తియ్యలేదు. గైడు కొడుకు వైపు చూశాడు. కొడుకు ఆ ప్రశ్నను తర్జుమా చెయ్యలేదు.

అక్కడినుంచి పైకి వచ్చేదాకా పిల్లలు తాత చెరో చెయ్యి వదల్లేదు. మనవడు ప్రతి మొద్దుకూ చెవి ఆనించాడు. గైడు చెప్పేవి గైడు చెబుతున్నాడు, పిల్లలు మాత్రం తాతను అడుగుతున్నారు. మీ గనిలో లిఫ్టు ఉండేదా? లేదు, ఏటవాలు దారి, నడిచి దిగుడే. చలిగా ఉండేదా? చలెక్కడిది, ఉక్కకు అంగీ పిండుకునేటోళ్లం. ఎంత పాతది? ఇల్లెందుల 1889ల తవ్వుడు మొదలుపెట్టిండ్రు, మా ఖని ఆ తర్వాతది.

లిఫ్టు పైకి చేరింది. తలుపు తీయగానే ముసలాయన అందరికంటే ముందు హెల్మెట్ తీసేశాడు. చంకలో పెట్టుకుని, దాని మీద అరచెయ్యి కప్పాడు.

"బాపూ, ఫొటో తీస్త. టోపీ పెట్టుకో."

"బయటికొచ్చినం గద."

"పర్వాలేదు. పెట్టుకో."

ముసలాయన కొడుకు మొహంలోకి చూశాడు. "పెట్టుకోవాల్నా?"

"పెట్టుకోవాలి బాపూ. అదే కదా అందం!"

పెట్టుకున్నాడు. అటు మనవరాలు, ఇటు మనవడు. కొడుకు మూడు కోణాల్లో తీశాడు. చివరిది గైడుకు ఫోను ఇచ్చి తీయించుకుని, తండ్రి భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

భోజనానికి కూర్చునేలోపు ఫొటో ఫేస్‌బుక్‌లో పెట్టాడు. కింద ఒక వాక్యం రాశాడు. 'బొగ్గుబాయి కార్మికుడి కొడుకుని. గర్వంగా ఉంది.'

సూప్ వచ్చేసరికి ఫోను ఆగకుండా మోగుతోంది. కొడుకు కళ్లు తుడుచుకున్నాడు. కోడలు మామగారి పళ్లెంలో ఇంకో రొట్టెముక్క వేసింది.

"ఏమంటున్నరు?" అన్నాడు ముసలాయన. కళ్లజోడు హోటల్లో మరిచిపోయాడు.

మనవరాలు ఫోను తీసుకుని ఒక్కొక్కటే పైకి చదివింది. బెర్లిన్ ఆఫీసులో మేనేజరు: గొప్ప మనిషి. హైదరాబాదులో పాత కొలీగు: కళ్లలో నీళ్లొచ్చాయి. కోడలి అన్న: బావా, ఇన్నాళ్లూ చెప్పలేదేం? కాలిఫోర్నియాలో ఇంజినీరింగ్ స్నేహితుడు: ఇలాంటి తండ్రి ఉండటం అదృష్టం. తాత ప్రతిదానికీ తలూపాడు.

"ఇది గోదావరిఖని నుంచి తాతా. డాడీ స్కూల్ ఫ్రెండ్ అట. ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు రాశాడు," అని మనవరాలు కూడబలుక్కుంటూ చదివింది. "అరేయ్, ఈయన బాయి టోపీ మీదనే మన బడి గేటు కాడికి నీ ఫీజు కట్టనీకి వచ్చేటోడు గద! మీ పక్కింటాయన అని చెప్పేటోనివి?"