గుట్టు రట్టయ్యే గది

పెద్దాసుపత్రి ఓపీ. చీటీలు రాసే కిటికీ ముందు చాంతాడంత క్యూ. వంతు వచ్చిన కుర్రాడు తల లోపలికి దూర్చి ఏదో గొణుగుతాడు. "గట్టిగా చెప్పవయ్యా, వినబడట్లా!" రెండోసారీ వినబడదు. మూడోసారికి లోపలాయనే పెద్దమనసు చేసుకుంటాడు: "ఓహో, ఆ జబ్బా! సుఖవ్యాధులు పద్నాలుగో గది, ఎడంచేతి వైపు!"

క్యూ మొత్తం ఎడంచేతి వైపు చూస్తుంది. కుర్రాడు కుడిచేతి వైపున్న గేటు దాటి వెళ్లిపోతాడు.

అతను చూడకుండా పోయిన గదికి 'సురక్ష క్లినిక్' అని పేరు. అందులో 7 రంగుల్లో మందుల కిట్లుంటాయి. మూత్రనాళం నుంచి చీము కారుతుంటే బూడిద రంగు కిట్: 1 గ్రాము అజిత్రోమైసిన్, 400 మిల్లీగ్రాముల సెఫిక్సిమ్, ఒకే మోతాదు. పుండైతే తెల్లది, అందులో బెంజథీన్ పెన్సిలిన్ ఇంజెక్షన్. హెర్పిస్ పొక్కులకు ఎర్రది. ల్యాబ్ రిపోర్టు కోసం తిరగక్కర్లేదు, పైసా కట్టక్కర్లేదు. సిఫిలిస్‌ను పెన్సిలిన్ కుదురుస్తుందని అమెరికాలో జాన్ మహోనీ 1943లోనే చూపించాడు. అంత దూరం నుంచి మందు వచ్చింది గానీ, ఓపీ కిటికీ నుంచి గది దాకా రోగి రాలేకపోతున్నాడు.

వచ్చినవాడికైనా ముందు అందేది మందు కాదు, నీతిబోధ. "పెళ్లయిందా? మరి ఇదేం పని?" పరీక్ష చేయాల్సిన చోట పరదా ఉండదు, పక్క రోగి మాత్రం ఉంటాడు. మొగుడికి మాత్రలిచ్చి పంపుతారు, పెళ్లాన్ని పిలిపించరు. నెల తిరిగేసరికి జబ్బు మళ్లీ హాజరు. ఇక క్లామిడియా లాంటివి చాలామంది ఆడవాళ్లలో లక్షణమే చూపించవు. లక్షణాన్ని బట్టి కిట్ ఇచ్చే పద్ధతిలో వాళ్లకు ఏ రంగూ రాసిపెట్టి లేదు.

ప్రైవేటుకు వెళ్దామంటే, చర్మవ్యాధుల ఎం.డి. చదువులో సుఖవ్యాధులూ భాగమే. ఆ డాక్టర్ల బోర్డు మీద మాత్రం లేజరు, జుట్టు నాటడం.

మర్యాద దొరికే చోటు ఒకటుంది. బస్టాండు పక్క లాడ్జి, ప్రతి నెలా మొదటి ఆదివారం నాటువైద్యుల మకాం. "రండి బాబూ, కూర్చోండి" అంటూ తలుపు గడియ వేసి మరీ మాట్లాడతారు. గుట్టు బయటికి పొక్కదు, పర్సు ఖాళీ అవుతుంది, పొట్లంలో ఏ పొడి ఉందో దేవుడికే ఎరుక. సుఖవ్యాధులు నయం చేస్తామనే ప్రకటనల్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. ఆ చట్టం పుస్తకంలో భద్రంగా ఉంది. ప్రకటన మూత్రశాల గోడ మీద ఇంకా భద్రంగా ఉంది.

హెచ్‌ఐవీ రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని 2017లో ఇంకో చట్టం చేశారు, 2018 సెప్టెంబరులో అమల్లోకి తెచ్చారు. చీటీలు రాసే కిటికీకి ఆ కబురింకా చేరినట్టు లేదు.

సూపరింటెండెంటు గార్లు కొత్త బ్లాకు కట్టించనక్కర్లేదు. పద్నాలుగో గదికి ఒక పరదా కట్టించి, ఓపీ చీటీ మీద జబ్బు పేరుకు బదులు గది నంబరు రాయిస్తే చాలు. అవసరమున్నవాళ్లు జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయండి, కాల్ ఉచితం. క్లినిక్‌కు మాత్రం జంటగా వెళ్లండి.