చూపించుకునే జబ్బు

పీహెచ్‌డీ రోజుల్లో నాకో జబ్బు ఉండేది. హైదరాబాద్‌లో మా ల్యాబ్‌లోకి ఎవరు అడుగుపెట్టినా వదిలేవాణ్ణి కాదు. పక్క గ్రూపువాళ్ళు, నైట్రోజన్ సిలిండర్ మార్చడానికొచ్చిన మనిషి, సంతకం కోసం వచ్చిన జూనియర్, అందర్నీ నిలబెట్టి నా ఫిల్మ్ చూపించేవాణ్ణి. గాజు స్లైడ్ మీద మైక్రాన్ అటూఇటూ మందంలో ఒక ప్లాస్టిక్ పొర. మామూలుగా చూస్తే అక్కడేమీ కనిపించదు. జేబులోంచి 365 నానోమీటర్ల యూవీ టార్చి తీసి నొక్కితే, వెలుగు పడ్డంత మేర ఊదారంగు తేలుతుంది. టార్చి ఆపితే తీరిగ్గా వెలిసిపోతుంది. ఎదుటివాళ్ళ నోట "అబ్బో!" అని వచ్చేదాకా నొక్కుతూనే ఉండేవాణ్ణి.

ఆ పొరలో ఉన్నది స్పైరోపైరాన్. దాని అణువులో రెండు ముక్కలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి కాబట్టి రంగు ఉండదు. యూవీ తగిలితే మధ్యలో ఒక కార్బన్-ఆక్సిజన్ బంధం తెగి, అణువు చదునుగా పరుచుకుంటుంది. దాన్ని మెరోసయనిన్ అంటాం. రంగంతా దానిదే. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫిషర్, హిర్ష్‌బర్గ్ 1952లో ఈ సంగతి బయటపెట్టారు. దీంతో సమాచారం దాచుకోవచ్చని హిర్ష్‌బర్గ్ 1956లో ఇంకో పేపర్ రాశాడు. ఇదంతా నా థీసిస్ మొదటి చాప్టర్లో గడగడా రాసేశాను. ఆ 1956 పేపర్ని రిఫరెన్సుల్లో దర్జాగా పెట్టాను కూడా. దాని సంగతి కాసేపట్లో చెప్తాను.

ఫిల్మ్ తీయడం చెప్పినంత తేలిక కాదు. అక్రిలిక్ పలకలు చేసే పీఎమ్‌ఎమ్‌ఏనే టోలుయిన్‌లో కరిగించి, అందులో రంగు కలిపి, సిరంజి ఫిల్టర్‌తో వడగట్టి, స్పిన్ కోటర్ మీద తిరిగే స్లైడ్ మధ్యలో నాలుగు చుక్కలు వెయ్యాలి. నిమిషానికి రెండువేల చుట్లు. టోలుయిన్ ఎగిరిపోయి పొర మిగులుతుంది. మధ్యలో ఒక్క దుమ్ము రేణువు పడిందా, దాని వెనకాల తోకచుక్కలాంటి గీత. ఒక వానాకాలం ఓపిక లేక, తొందరగా ఆరుతుందని డైక్లోరోమీథేన్ వాడాను. అది ఆవిరయ్యే వేగానికి పొర చల్లబడి, గాలిలో చెమ్మంతా దానిమీదే దిగింది. ఫిల్మ్ పాలలా తెల్లబడింది. అది చూసి నేను సీసా మీద పేరున్న కంపెనీని తిట్టుకున్నాను.

రంగు రెట్టింపు వేస్తే ఊదా కూడా రెట్టింపవుతుందని ఇంకో తెలివి. రంగు పలుకులు కట్టి పైకి తేలింది. పోనీ అని పొర మందం చేస్తే, పైపైనున్న అణువులే యూవీనంతా మింగేసి అడుగువాటికి ఏమీ మిగల్చలేదు.

అసలు పరువు పోయింది మాత్రం విజయవాడలో. మే నెల సెలవులకి వెళ్తూ మంచి ఫిల్మ్ ఒకటి నల్ల కాగితంలో చుట్టి పట్టుకెళ్ళాను. చిన్న టార్చికే అంత ఊదా వస్తే బెజవాడ ఎండకి ఎంత రావాలి? మధ్యాహ్నం అమ్మ వద్దంటున్నా వినకుండా అక్కనీ బావనీ డాబా మీదకి లాక్కెళ్ళి, కాలిపోతున్న పిట్టగోడ మీద స్లైడ్ పెట్టాను. పట్టీపట్టనట్టు లేత ఊదా ఛాయ ఒకటి వచ్చింది, అంతే. తిప్పి పెట్టాను. తుడిచి పెట్టాను. అదే వాలకం.

"ఏరా సైంటిస్టూ, దీనికీ వడదెబ్బ తగిలిందా?" అన్నాడు బావ.

రంగు పాడైపోయి ఉంటుందని నేను ఏదో గొణుగుతుంటే ఆయన తన కళ్ళజోడు తీసి చూపించాడు. ఫొటోక్రోమాటిక్ అద్దాలు. "ఇవీ అంతేరా. జనవరిలో పొద్దున్నే స్కూటర్ మీద వెళ్తే నల్లగా అయిపోతాయి. మే నెల వచ్చిందంటే సగం కూడా కావు. కొన్నప్పుడే షాపతను చెప్పాడు."

అది వేరు, ఇది వేరు బావా అని డబాయించాను. అద్దాల్లో వాడే రంగు వేరే జాతిదన్నమాట నిజమే గాని, ఆయన చెప్పిన సూత్రం నా ఫిల్మ్‌కీ అక్షరాలా వర్తిస్తుంది. యూవీ అణువుని తెరుస్తుంటే వేడి మూసేస్తుంటుంది. వేడి పెరిగేకొద్దీ మూతపడే వేగం పెరుగుతుంది. పైగా మెరోసయనిన్ పసుపు, ఆకుపచ్చ వెలుగుని పీల్చుకుని కూడా మూసుకుపోతుంది. ఎండలో యూవీ పాలు కొద్ది, కంటికి కనిపించే వెలుగు బోలెడు. అంటే సూర్యుడు ఇచ్చిన చేత్తోనే లాక్కుంటున్నాడు. ల్యాబ్‌లో నా టార్చికి ఈ గొడవ లేదు, ఏసీ గదిలో యూవీ ఒక్కటే.

హైదరాబాద్ వచ్చాక హిర్ష్‌బర్గ్ పేపర్ తెరిచాను, మొదటిసారి. తక్కువ ఉష్ణోగ్రతల దగ్గర వెలుగుతో రంగు రప్పించడం, చెరపడం అని శీర్షికలోనే ఉంది. లోపలిదాకా వెళ్ళనక్కర్లేదు. నేను రిఫరెన్స్‌గా పెట్టుకున్న పేపర్ పేరు కూడా నేను చదవలేదు. కళ్ళజోళ్ళ షాపతనికి తెలిసిన ముక్క తెలియకుండానే రెండేళ్ళు ఫెలోషిప్ తిన్నాను.

ఇంత జరిగినా జబ్బు తగ్గిందా? తగ్గలేదు. అన్నిటికంటే బాగా కుదిరిన ఫిల్మ్‌ని కొలతలు తీయకుండా వచ్చినవాళ్ళకల్లా చూపిస్తూ పోయాను. తెరుచుకున్న ప్రతిసారీ కొన్ని అణువులు ఆక్సిజన్‌తోనో పక్క అణువుతోనో చేరి పాడవుతాయి, మళ్ళీ వెనక్కి రావు. రోజుకి ఇంత అని అరుగుతూ వస్తుంటే నాకు తెలియలేదు. గైడ్‌గారు "స్పెక్ట్రమ్ తీశావా?" అని అడిగిన పొద్దున టార్చి కొడితే గోధుమరంగు మరక ఒకటి వచ్చి అక్కడే నిలిచిపోయింది.

"మొన్నటిదాకా బాగానే ఉంది సార్."

"ఎవరికి చూపించావు?"

ఎవరికి చూపించలేదో చెప్పడం తేలిక.

ఇప్పుడు నా దగ్గర అతిథుల కోసం వేరే స్లైడ్ ఉంది. స్పైరోఆక్సజీన్‌తో చేసింది. దెబ్బలకి ఎక్కువ ఓర్చుకుంటుంది. కాకపోతే నీలం వచ్చినట్టే వచ్చి, వాళ్ళు ఫోన్ తీసేలోపే పోతుంది. "అబ్బో" అనడానికి టైము సరిపోక "ఏదీ, మళ్ళీ చూపించండి" అంటారు. చూపిస్తాను.