రోజూ యాభై నిమిషాలు లేటు

మా బావగారు స్టేషన్ మాస్టరుగా రిటైరయ్యారు. కుర్చీలోంచి దిగారు గానీ టైమ్‌టేబులు ఆయన ఒంట్లోంచి దిగలేదు. ఇంట్లో ఇడ్లీ రైట్ టైము, మనవడి స్కూలు బస్సు రన్నింగ్ లేటు, గుడికెళ్లిన మా అక్క గురించైతే "సమాచారం ఇంకా అందలేదు". అలాంటి మనిషిని డిసెంబరులో అండమాన్‌లోని నీల్ దీవికి తీసుకెళ్దామన్నది అక్క ఆలోచన. అక్కడ ప్రశాంతంగా ఉంటుందని ఎవరో చెప్పారట. ఎవరికి ప్రశాంతమో వాళ్లూ చెప్పలేదు, అక్కా అడగలేదు.

పోర్ట్ బ్లెయిర్ నుంచి నీల్‌కి దాదాపు 36 కిలోమీటర్లు. సర్కారు ఫెర్రీలో రెండు గంటలు. బావగారు వేళ్ల మీద లెక్కగట్టి, "గంటకి 18. మా గూడ్సు నయం" అన్నారు. ఇంతలో నీళ్లలోంచి ఎగిరే చేపలు లేచి, కొంతదూరం గాల్లో సాగి మళ్లీ మునిగాయి. డెక్కు మీద పిల్లలంతా కేకలు. బావగారు మాత్రం వాచీ చూసుకుంటున్నారు.

ఆ దీవికి ఇప్పుడు కాగితాల మీద పేరు షహీద్ ద్వీప్. 2018 డిసెంబరులో మార్చారు. 2024లో పోర్ట్ బ్లెయిర్ కూడా శ్రీ విజయపురం అయింది. జనం నోట్లో మాత్రం నీల్ ఇంకా నీలే. ఎవరా నీల్ అంటే, 1857 తిరుగుబాటులో జనాన్ని ఉరితీయించడంలో పేరు మోసిన మద్రాసు ఫ్యుజిలీర్స్ అధికారి జేమ్స్ నీల్. మద్రాసు మౌంట్ రోడ్డులో ఉన్న అతని విగ్రహాన్ని తీసేయాలని సత్యాగ్రహాలు చేయగా చేయగా 1937లో తీశారు. నడిరోడ్డు మీంచి దించడానికే అన్నేళ్లు పడితే, నడిసముద్రంలో ఉన్నవాణ్ణి ఎవరు పట్టించుకుంటారు? ఇదంతా బావగారికి వివరించాను. "పేరేదైతేనేమోయ్, బండి టైముకొచ్చిందా లేదా?" అన్నారు.

దీవిలో ఊళ్లేమో రామాయణం. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ వదిలి వచ్చిన కుటుంబాలు ఇక్కడ స్థిరపడి కూరగాయలు పండిస్తున్నాయి. వంకాయలూ బీరకాయలూ ఇక్కణ్ణుంచే పోర్ట్ బ్లెయిర్‌కి పడవెక్కుతాయి. రేవు, గాజు అడుగు పడవలు, కొబ్బరిబోండాల బేరాలు, మొత్తం సందడంతా భరత్‌పుర్‌లో. రాజ్యం ఇక్కడా ఆయనదే అన్నమాట. సీతాపుర్ తూర్పు కొసన ఒంటరిగా ఉంది. లక్ష్మణ్‌పుర్ పడమట. రామ్‌నగర్ తన మానాన తనుంది. అక్క ఆటోవాడి చేత ఊళ్లన్నీ చెప్పించుకుని, "శత్రుఘ్నుడికి ఇక్కడా మొండిచెయ్యేనా!" అని నొచ్చుకుంది.

బావగారి కష్టాలు ఆ సాయంత్రమే మొదలయ్యాయి. అయిదింటికి టీ, అయిదున్నరకి లక్ష్మణ్‌పుర్‌లో సూర్యాస్తమయం అని ఆయన ప్రోగ్రాం. మేం వెళ్లేసరికి సూర్యుడు లేడు, ఇసకలో నాలుగు కుక్కలున్నాయి. దేశమంతటి గడియారానికీ ఆధారం 82.5 డిగ్రీల రేఖ. అది మా కాకినాడ పక్కనుంచే పోతుంది. నీల్ ఏమో 93 డిగ్రీల మీద ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సూర్యుడు ఇక్కడ మనకన్నా 42 నిమిషాలు ముందు నడుస్తాడు. "బిఫోర్ టైము వచ్చిన బండిని అవుటర్‌లో ఆపాలి గానీ, ఇలా వదిలేస్తారా?" అన్నారు బావగారు, పడమటి దిక్కుకేసి కోపంగా చూస్తూ.

ఆ రాత్రి ఆయనకి నిద్ర లేదు. ఎనిమిదిన్నరకే దీవి దుప్పటి కప్పుకుంది. కూత లేదు, చక్రాల చప్పుడు లేదు. అర్ధరాత్రి లేచి వరండాలో కూర్చున్నారు. "ఇంత నిశ్శబ్దంగా ఉందంటే ఎక్కడో పట్టాలు తప్పే ఉంటాయి" అన్నారు నాతో, చాలా సీరియస్‌గా.

మర్నాడు సహజ వంతెన. సముద్రం బండని తొలిచి చేసిన కమాను అది. బెంగాలీలు దానికి హౌరా బ్రిడ్జి అని పేరు పెట్టుకున్నారు. "హౌరాకి బోలెడు ప్లాట్‌ఫారాలు, దీనికి ఒక్కటైనా ఉందా?" అని బావగారి గొణుగుడు. దాని దగ్గరికి నీరు దిగినప్పుడే వెళ్లాలి. ఒక పడవ కుర్రాణ్ణి ఆపి, "భయ్యా, పానీ... కబ్ డౌన్?" అని ఆయన హిందీతో కుస్తీ పడుతుంటే, వాడు జాలిపడి, "ఏటండి బాబూ, తెలుగులో అడగరాదేటి?" అన్నాడు. వాళ్ల తాతది సోంపేట దగ్గరట. అండమాన్‌లో తెలుగువాళ్లకి కొదవలేదు. 2011 జనాభా లెక్కల్లో మనం 13 శాతం.

"ఇయ్యాల రెండూ ఇరవైకి నీరు దిగిపోద్ది. రేపు మూడూ పది. ఎల్లుండి నాలుక్కి. పున్నమొస్తంది కదా, మరీ లోనకెల్లిపోద్ది."

బావగారు ఆగిపోయారు. "అంటే రోజూ యాభై నిమిషాలు లేటా?"

"ఎప్పుడూ అంతే బాబూ. సెంద్రుడు లేటు, నీరూ లేటు."

రెండూ ఇరవైకి నీరు దిగింది. పాచి పట్టిన పగడపు రాళ్ల మీద చెప్పులు జారుతుంటే ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని నడిచాం. గుంటల్లో నీలి చేపలు, పీతపిల్లలు. ఒక రాతి సందులో పెద్ద ఆల్చిప్ప నోరు తెరుచుకుని ఉంది. దాని పెదవులు అచ్చం నెమలికంఠం రంగు, మీద చుక్కలు. అక్క వంగింది. నీడ పడగానే ఆ పెదవులు ముడుచుకుని నోరు టక్కున మూసుకుంది. అక్క నడుం ఎత్తి, "ఏవండీ, ఒకసారి ఇటొచ్చి నేర్చుకోండి" అంది.

ఆయన వింటేగా! మూడు పూటలు వరసగా పోటూ ఆటూ ఫోన్లో నోట్ చేసుకున్నారు. అయిదు పది నిమిషాలు అటూ ఇటూ అయినా లెక్క తప్పలేదు. "లేటే అనుకో. కానీ కారణం చెప్పి మరీ లేటు" అని సర్టిఫికెట్ ఇచ్చేశారు. ఆ రాత్రి గురక పెట్టి నిద్రపోయారు. మాకే పట్టలేదు.

చివరి రోజు ఉదయం పదింటికి, వంతెన దారి మొదట్లో కోల్‌కతా కుటుంబం ఒకటి ఆటో దిగింది. నీరు కొండ అంచుదాకా ఉంది. బావగారు ముందుకెళ్లి చెయ్యి అడ్డం పెట్టారు. "మూడూ ముప్ఫై అయిదుది వెళ్లిపోయింది. తర్వాతది సాయంత్రం నాలుక్కి. అయిదింటికి సూర్యుడు బిఫోర్ టైము, చూసుకోండి."

నా చేత హిందీలో చెప్పించారు. ఆ పెద్దాయన వినయంగా, "మీరిక్కడ స్టాఫా?" అని అడిగాడు.

బావగారు చొక్కా సర్దుకున్నారు. "రిటైర్డ్" అన్నారు.