దేవదాసు ముందు గ్లాసెందుకు?

నేను సినిమా ప్రొజెక్టర్‌ని. బోధన్‌లో ఒక టాకీసు క్యాబిన్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. ఒక్కో రీలు పది పదకొండు నిమిషాలకే అయిపోయేది కనుక నా పక్కన ఇంకో ప్రొజెక్టర్ ఉండేది. నా రీలు ముగిసేచోట అది అందుకునేది. రెండు కార్బన్ పుల్లల మధ్య లేచే మంటే నా వెలుగు. సెకనుకు 24 బొమ్మలు నా నడక. నా గురించి ఇది చాలు, దేవదాసు సంగతి చెప్పాలి.

మా బోధన్ షక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937 నాటిది. క్రషింగ్ రోజుల్లో చెరుకు బండ్లు బారులు తీరేవి. తమ వంతు వచ్చేదాకా ఏం చేయాలో తోచని బండ్లవాళ్లు రెండో ఆటకు వచ్చేవాళ్లు. చక్కెర తీశాక మిగిలే మొలాసిస్‌ను పులియబెట్టి కాస్తే మందుకు పనికొచ్చే స్పిరిట్ వస్తుంది. చెరుకు పండే నేల మీద తాగడానికి కొదవేముంటుంది? ఈత కల్లు సరేసరి. దేవదాసు ఆడుతోందంటే ముందు దుకాణానికి పోయి, ఆ తర్వాతే టికెట్ తీసుకోవాలన్నది మగవాళ్ల లెక్క. తాగి చూస్తేనే ఆ బాధ తెలుస్తుందని వాళ్ల నమ్మకం.

ఆ నమ్మకం మీద నాకు ఇప్పటికీ కోపమే. వేదాంతం రాఘవయ్య 1953లో తీసిన ఆ సినిమాలో దేవదాసుగా వేసిన అక్కినేని దానికోసం తాగలేదు. తాగుడు సన్నివేశాలను రాత్రిపూట తీశారు. నిద్ర ముంచుకొచ్చి బరువెక్కిన కళ్లే మనకు మత్తు కళ్లుగా కనిపించాయి. ఒకసారి మా ఆపరేటర్ ఈ మాట చెబితే, టికెట్ కోసం నిలబడ్డ ఒక ఆమె ఆశ్చర్యపోయింది: "తాగకుంటనే గట్ల జేసిండా అన్నా? మరి మావోడు తాగి గూడ ఏడ్వడు, పంటడు!"

ఆమె అన్నది నిజం. ఆఖరి రీలు నడిచేసరికి తాగొచ్చినవాళ్లలో సగం మంది కుర్చీల్లో ఒరిగిపోయేవాళ్లు. పార్వతి ఇంటి వాకిట్లో దేవదాసు ప్రాణం పోతుంటే, పార్వతిగా వేసిన సావిత్రి పరుగెత్తుకొస్తుంది, తలుపులు మూసుకుంటాయి. దానికోసమే కదా అంతసేపు నేను కాలింది! ఆ ఘట్టాన్ని కళ్లారా చూసి ఏడ్చింది ఏమీ తాగకుండా వచ్చిన ఆడవాళ్లూ పిల్లలూ. వాళ్ల చేతుల్లో వేయించిన పల్లీల పొట్లం ఉండేది. దేవదాసుకు అంతకంటే ఏం కావాలి?

తర్వాత డిజిటల్ పెట్టె వచ్చింది. ఇన్నాళ్ల పనికి నాకొక గుడ్డ కప్పుతారనుకున్నాను. మెట్ల కింద పడేసి నా మీద సిమెంటు సంచులు వేశారు. గేర్లలో నూనె గట్టిపడింది. ఎవరో లెన్సు విప్పుకుపోయారు. 2014 జనవరి 22న అక్కినేని కన్నుమూశారు. పాత రోజులైతే ఆ వారమే దేవదాసు ప్రింటు తెప్పించి నన్ను వెలిగించేవాళ్లు. ఆ మరుసటి ఏడు డిసెంబర్‌లో ఫ్యాక్టరీ కూడా మూతపడింది. రెండో ఆటకు వచ్చే బండ్లవాళ్లూ లేరు.

మొన్న పాత ఇనుము కొనేవాడొచ్చి నన్ను కిలోల లెక్కన అడిగాడు. బేరం ఇంకా తెగలేదు. నా లెన్సు ఎవరి దగ్గరుందో తెలిస్తే బాగుండు. తేమ తగిలితే గాజుకు బూజు పడుతుంది, పొడిగా ఉంచమని చెప్పేదాన్ని.